రాత్రి పనిని పగటికి మార్చడం: ఆరు నెలల ప్రాజెక్టు డైరీ

మార్చి 2, ఆదివారం

ఇకపై మూడు పనుల లెక్క ఈ ఒక్క నోటుబుక్కులోనే రాస్తాను. నేను క్యాంపస్‌లో పాఠాలు చెబుతూ లేజర్ ల్యాబ్‌లో పరిశోధన చేస్తాను. ఇంతకాలం ప్రయోగాల సంగతి ల్యాబ్ పుస్తకంలో, పరుగు లెక్క ఫోనులో, పాప సంగతులు మా ఆవిడ రాసుకునే డైరీలో ఉండేవి. వైద్యంలో పీజీ చదవడానికి ఆమె జనవరిలో విశాఖపట్నం వెళ్లింది. మూడేళ్ల చదువు. నెలకు ఒకసారి, డ్యూటీలు కుదిరితే రెండుసార్లు, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి వెళ్తుంది. మూడేళ్ల నాలుగు నెలల పాప, నేను హైదరాబాద్‌లో గచ్చిబౌలి వైపు క్వార్టర్స్‌లో ఉంటున్నాం.

చేయదలచుకున్నవి ఇవి. ఒకటి, పాప మేలుకొని ఉన్నంతసేపు, ప్లేస్కూల్ వేళలు తప్ప, నేను తన దగ్గర ఉండాలి. రెండు, సమీక్షకులు వెనక్కి పంపిన పరిశోధన పత్రానికి కొత్త కొలతలు తీసి జూన్ లోపల తిరిగి పంపాలి. మూడు, ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో 42.195 కిలోమీటర్లు నాలుగున్నర గంటల్లో పూర్తి చేయాలి. ఈ వరుస మారదు. మూడోది ఎప్పుడైనా మొదటిదానికి అడ్డొస్తే మూడోదే తగ్గాలి.

పాప ప్లేస్కూల్ తొమ్మిదికి మొదలవుతుంది, మూడున్నరకు తీసుకురావాలి. నడక, తాళాలు, టీ అన్నీ తీసేస్తే నాకు ల్యాబ్‌లో మిగిలేవి ఆరు గంటలు. అందులో వారానికి మూడు రోజులు తరగతులు. పరుగుకు వేళే లేదు. తెల్లవారుజామున ఐదింటికి పాప నిద్రలో ఉంటుంది, ఒంటరిగా వదిలి వెళ్లలేను.

మార్చి 9, ఆదివారం

అమెరికా నుంచి తిరిగొచ్చిన ఒక సహోద్యోగి అటక మీద మూడు చక్రాల స్ట్రోలర్ ఉంది. పిల్లల్ని కూర్చోబెట్టి పరుగెత్తడానికే తయారుచేసింది. వాళ్ల పిల్లలు పెద్దవాళ్లయ్యారు, తీసుకెళ్లమన్నారు. మూడు ట్యూబుల్లో రెండు పగిలి ఉన్నాయి. మామూలు సైకిల్ దుకాణంలో ఆ కొలత దొరకలేదు. చివరికి పిల్లల సైకిల్ ట్యూబులే సరిపోయాయి.

రెండు పనులు ముందుగా చేశాను. ముందు చక్రం ఎటైనా తిరిగేలా ఉంది. నడకకు అది బాగుంటుంది కానీ పరుగులో చిన్న రాయి తగిలినా అడ్డం తిరుగుతుంది, అందుకని పిన్ను వేసి బిగించాను. తర్వాత అరిగిపోయిన మణికట్టు పట్టీ తీసేసి, ట్రాలీ సంచి పట్టీతో కొత్తది కుట్టించాను. వాలులో కాలు జారి చెయ్యి వదిలినా బండి నన్ను వదిలి పోకూడదు. పట్టీ చేతికి తగిలించుకోకుండా ఒక్క అడుగు కూడా వేయనని గోడ మీద రాసి పెట్టాను.

సాయంత్రం పాపను కూర్చోబెట్టి, సామాను తూచే కొక్కెం త్రాసుతో బండిని చదును రోడ్డు మీద నెమ్మదిగా, ఒకే వేగంతో లాగాను. బండి 12 కిలోలు, పాప 14. గాలి తక్కువగా ఉన్నప్పుడు త్రాసు 600 గ్రాములు చూపింది, గాలి నింపాక 400. అంటే దాదాపు 6 న్యూటన్ల నుంచి 4కు తగ్గింది. ఇక క్యాంపస్ రోడ్డు మూడు శాతం ఎత్తు ఉన్నచోట 26 కిలోలను పైకి తోయడానికి అదనంగా 8 న్యూటన్ల దాకా కావాలి. కిలోమీటరుకు ఏడు నిమిషాల వేగంతో ఆ ఎత్తు ఎక్కితే చేతుల మీద పడే పని దాదాపు 30 వాట్లు. కండరాలు తినే శక్తిలో పావు వంతే పనిగా మారుతుంది కాబట్టి ఒంటికి పడే భారం 120 వాట్లు. ఈ వేగంలో నా 68 కిలోల శరీరం పరుగుకే సుమారు 680 వాట్లు ఖర్చు చేస్తుంది. ఎత్తులో వేగం ఎందుకు పడిపోతుందో ఇప్పుడు అర్థమైంది. కంగారు పడాల్సిన పని లేదు.

మార్చి 15, శనివారం

ఆరింటికి పాప లేవగానే పాలు తాగించి, బండిలో కూర్చోబెట్టి, ఆరున్నరకు బయలుదేరుతున్నాం. వారంలో నాలుగు రోజులు, రోజుకు ఆరేడు కిలోమీటర్లు. క్యాంపస్ గేటు దాటి వెళ్లడం లేదు. బయట స్పీడ్ బ్రేకర్లు, కుక్కలు, తప్పుదారిలో వచ్చే బైకులు. లోపల చెరువు పక్క రోడ్డు ఖాళీగా ఉంటుంది. నెమలి కనబడితే ఆగాలన్నది పాప షరతు. నిన్న నాలుగు చోట్ల ఆగాం.

మార్చి 22, శనివారం

ల్యాబ్ గురించి ఇప్పటిదాకా రాయలేదు, ఎందుకంటే అక్కడ ఏమీ జరగలేదు.

మేము వాడేది ఆప్టికల్ ట్వీజర్స్, కాంతితో చేసిన పటకారు. 1064 నానోమీటర్ల లేజర్ కిరణాన్ని మైక్రోస్కోపు కటకంతో ఒక బిందువు దగ్గరకు కుదిస్తే, నీళ్లలో తేలే సన్నని పూస ఒకటి ఆ బిందువుకు అంటిపెట్టుకుని ఉండిపోతుంది. ఒకే కిరణంతో ఈ పని చేయవచ్చని ఆర్థర్ ఆష్కిన్ బృందం 1986లో చూపింది. 2018లో నోబెల్ వచ్చేనాటికి ఆయనకు 96 ఏళ్లు. మా పూస వ్యాసం ఒక మైక్రాన్. నీటి అణువులు అన్ని వైపుల నుంచీ తగులుతుంటే అది పట్టులోనే వణుకుతూ ఉంటుంది. ఆ వణుకు పవర్ స్పెక్ట్రం, అంటే ఏ పౌనఃపున్యం (సెకనుకు ఎన్నిసార్లు) దగ్గర కదలిక ఎంత బలంగా ఉందో చూపే రేఖ, గీస్తే తక్కువ పౌనఃపున్యాల దగ్గర రేఖ చదునుగా సాగి, మా అమరికలో 380 హెర్ట్జ్ (సెకనుకు 380 సార్లు) దగ్గర వంగి కిందికి దిగుతుంది. ఆ మలుపు ఎక్కడుందో తెలిస్తే కాంతి పట్టు ఎంత గట్టిదో తెలుస్తుంది. మా కొలతలన్నిటికీ ఆధారం ఆ ఒక్క సంఖ్యే.

చిక్కల్లా పగటి కొలతలతోనే. 10 హెర్ట్జ్ కింద రేఖ చదునుగా ఉండకుండా పైకి లేస్తుంది. 24 హెర్ట్జ్ దగ్గర ముల్లులాంటి శిఖరం ఒకటి ఉంటుంది. దాంతో మలుపు ఉన్నచోటు కంటే ముందే ఉన్నట్టు లెక్క వస్తుంది. రాత్రి పదకొండు దాటి, లిఫ్టు ఆగి, ఏసీ కట్టేశాక గీసిన రేఖ మాత్రం పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉంటుంది. అందుకే ఆరేళ్లుగా నా మంచి కొలతలన్నీ రాత్రి పదకొండుకూ రెండుకూ మధ్య తీసినవే. నా దగ్గర చేరిన విద్యార్థులూ అలాగే అలవాటు పడ్డారు.

ఇప్పుడు రాత్రి నాది కాదు. గత మూడు వారాల్లో పత్రం కోసం ఒక్క కొలత కూడా తీయలేదు.

మార్చి 30, ఉగాది

మా ఆవిడ వచ్చింది. పచ్చడిలో వేపపువ్వు పాప వేసింది, గుప్పెడు. ఉదయం ఒంటరిగా 18 కిలోమీటర్లు పరుగెత్తాను, నల్లగండ్ల చెరువు మీదుగా. ఇంటికి వచ్చి రెండు గంటలు పడుకున్నాను. లేచేసరికి పాప, వాళ్లమ్మ కలిసి పులిహోర తింటున్నారు. వాళ్లిద్దరూ కలిసి ఉండే నెలకు ఒక రోజులో నేను నిద్రపోయాను. ఇది కూడా ఖర్చు కిందే రాస్తున్నాను.

సాయంత్రం రైలెక్కించి వచ్చాక పాప ఏడవలేదు. ఏడవకపోవడమే నాకు ఎక్కువ భారంగా అనిపించింది. అమ్మ చున్నీ చుట్టుకుని పడుకుంది.

ఏప్రిల్ 6, ఆదివారం

నోటుబుక్కులో నాలుగు గళ్లు గీశాను. నిద్ర గంటలు, కిలోమీటర్లు, ల్యాబ్ గంటలు. నాలుగో గడి: ఈ రోజు పాపను కసిరానా?

ఈ నాలుగోది రాయడానికి మనసు ఒప్పుకోలేదు. కానీ కొలవకపోతే నాకు నేనే నచ్చజెప్పుకుంటాను. మంగళవారం ఉదయం చెప్పు తొడుక్కోవడానికి పాప పది నిమిషాలు తీసుకుంది, నేను గట్టిగా అరిచాను. తను నా వైపు చూసి మెల్లగా, "నాన్నా, నువ్వు నిద్రపోలేదా?" అంది. ముందు రెండు రాత్రులూ పాప పడుకున్నాక ఒంటిగంట దాకా ప్రాక్టికల్ రికార్డులు దిద్దుతూ కూర్చున్నాను. తను ఊరికే అన్న మాట కాదు, సరిగ్గా కనిపెట్టింది.

ఏప్రిల్ 12, శనివారం

కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాం. పాపను ఎత్తుకుని ఆ సందుల్లో తిరగడం కష్టమే కానీ, రంగురంగుల ఎల్ఈడీల దుకాణం దగ్గర తను కదలనంది. కొన్నవి: ఈఎస్‌పీ32 బోర్డు (చిన్న కంప్యూటరు లాంటిది), ఎంపీయూ6050 త్వరణమాపకం (కుదుపును కొలిచే చిప్), మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టే బోర్డు, చిన్న లిథియం బ్యాటరీ, దాన్ని ఛార్జి చేసే బోర్డు.

వీటితో నా నడుముకు కట్టుకునే కొలత పెట్టె చేయాలి. వాచీ అడుగుల లెక్క చెబుతుంది కానీ ముడి దత్తాంశం ఇవ్వదు. నాకు పూస స్పెక్ట్రం గీసే ప్రోగ్రాం చేతిలో ఉంది. అదే ప్రోగ్రాంతో నా అడుగును చూడాలని ఉంది. పైగా కుడి మోకాలి బయటి వైపు వారంగా నొప్పి. ఎందుకో తెలియాలి.

ఏప్రిల్ 19, శనివారం

పెట్టె మొదటి పరుగులో మూడు తప్పులు బయటపడ్డాయి.

త్వరణమాపకం మామూలుగా ప్లస్ లేదా మైనస్ 2 జీ (భూమ్యాకర్షణకు రెండింతలు) వరకే చదువుతుంది. పరుగులో కాలు నేలను తాకినప్పుడు నడుము దగ్గరే అంతకంటే ఎక్కువ వస్తుంది, శిఖరాలన్నీ కత్తిరించినట్టు చదునుగా వచ్చాయి. పరిధిని 8 జీకి మార్చాను. రెండోది, కార్డు మీద రాసే క్షణంలో బోర్డు ఆగిపోతోంది, ప్రతి కొన్ని సెకన్లకు ఒక ఖాళీ. కొలతల్ని ముందు జ్ఞాపకంలో పోగుచేసుకుని, రాసే పనిని ఈఎస్‌పీ32లోని రెండో కోర్‌కు అప్పగించాక ఖాళీలు పోయాయి. మూడోది అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నది. గుచ్చే తీగల్లో ఒకటి నాలుగో కిలోమీటరులో ఊడిపోయింది. పరుగెత్తే వస్తువు మీద గుచ్చే తీగలు వాడకూడదు. అన్నీ సోల్డర్ చేసి, జిగురు వేశాను. ఇనుము వేడిగా ఉన్నప్పుడు పాప గదిలో ఉండదు, కాబట్టి ఆ పనంతా తను పడుకున్నాక చేసినదే. రాత్రి పన్నెండున్నర. రేపటి నిద్ర గడిలో ఐదున్నర పడుతుంది.

ఏప్రిల్ 27, ఆదివారం

సెకనుకు 200 కొలతలు, 40 నిమిషాలు. స్పెక్ట్రంలో 2.73 హెర్ట్జ్ దగ్గర నిటారుగా ఒక శిఖరం. నిమిషానికి 164 అడుగులు. బండితో అదే వేగంలో 2.85, అంటే 171. తోసే చెయ్యి ఊగకపోవడంతో అడుగు పొట్టిదవుతోంది.

అసలు సంగతి సగం పౌనఃపున్యం దగ్గర దొరికింది. ఎడమ అడుగూ కుడి అడుగూ అచ్చంగా ఒకేలా పడితే, పైకీ కిందికీ కదిలే కదలికలో సగం పౌనఃపున్యం దగ్గర దాదాపు ఏమీ ఉండకూడదు. రెండు కాళ్ల మధ్య తేడా ఉంటేనే అక్కడ శిఖరం లేస్తుంది. బండి లేకుండా పరుగెత్తినప్పుడు అది చిన్నది. బండితో ఉన్నప్పుడు ఎన్నో రెట్లు పెద్దది. నేను ఎప్పుడూ కుడి చేత్తోనే తోస్తున్నాను! ఎడమ చెయ్యి ఖాళీగా ఊగుతోంది, నడుము ఒక పక్కకు తిరిగి ఉంటోంది. కుడి మోకాలి నొప్పికి కారణం ఇదే అనుకుంటున్నాను. రేపటి నుంచి ప్రతి దీపస్తంభం దగ్గర చెయ్యి మార్చాలి. ఈ బాధ్యత పాప తీసుకుంది. స్తంభం రాగానే "మార్చు!" అని కేక వేస్తుంది.

మే 4, ఆదివారం

ప్లేస్కూల్‌కు వేసవి సెలవులు. రాజమండ్రి నుంచి అత్తయ్య గారు వచ్చారు, నెల రోజులు ఉంటారు. "మీరు పొద్దున్నే పరుగుకు వెళ్లండి బాబూ, దాన్ని నేను చూసుకుంటాను" అన్నారు. ఆ మాటకు నేనెంత రుణపడ్డానో ఆమెకు తెలియదు.

అయితే ఇది మే. రెండు థర్మామీటర్లు తెచ్చి, ఒకదాని బల్బుకు తడి నూలుగుడ్డ చుట్టి బాల్కనీలో కట్టాను. ఉదయం ఐదింటికి పొడిది 28, తడిది 22 చూపింది. రెండింటి మధ్య తేడా ఎంత ఎక్కువైతే గాలి అంత పొడిగా ఉన్నట్టు. పరుగులో పుట్టే వేడిలో ఎక్కువ భాగం చెమట ఆవిరైతేనే పోతుంది. గంటకు ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 670 వాట్లు తీసుకుపోతుంది, దాదాపు నా శరీరం పుట్టించేదంతా. కానీ కారి నేలమీద పడిన చెమట ఏమీ చల్లబరచదు. తొంభై నిమిషాల పరుగుకు ముందూ వెనకా తూగితే 1.3 కిలోలు తగ్గాను, అదీ దారిలో నీళ్లు తాగాక.

మే 10, శనివారం

ల్యాబ్ సంగతి ఇక వాయిదా వేయలేను. ఈ వారమంతా ఒకే ప్రశ్న మీద కూర్చున్నాను. రాత్రికి ఉన్న గుణం ఏమిటి? చీకటా, నిశ్శబ్దమా, లేక నిలకడైన గాలా?

ఒక్కొక్కటి విడదీసి చూశాం. ఆదివారం మధ్యాహ్నం, లిఫ్టు ఖాళీగా ఉన్నప్పుడు, ఏసీ కట్టేసి కొలిచాం. 24 హెర్ట్జ్ శిఖరం మాయమైంది. 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే నాలుగు ధ్రువాల మోటారు నిమిషానికి 1440 చుట్ల దాకా తిరుగుతుంది. అరవైతో భాగిస్తే సరిగ్గా 24. అంటే పక్క గదిలోని గాలి పంపే మోటారే నేలగుండా మా బల్ల మీదికి వస్తోంది. 10 కింది గందరగోళం మాత్రం ఏసీ నేరుగా కిరణం దారి మీదికి వదిలే గాలి వల్ల. వేడిగాలీ చల్లగాలీ కలిసే చోట కాంతి కాస్త కాస్త వంగుతుంది, పూస కదలకపోయినా కదిలినట్టు కనబడుతుంది.

ఆరేళ్లపాటు దీన్ని నేను వెతకలేదు. రాత్రి వస్తే సరిపోయేది కనుక వెతకలేదు. ఇది రాసుకుంటుంటే నాకు బాధగా ఉంది. మోటారు చప్పుడు వల్ల వచ్చిన ఇబ్బందికి మేము నిష్ఠ అని పేరు పెట్టుకున్నాం. రాత్రి రెండింటిదాకా ల్యాబ్‌లో దీపం వెలుగుతుంటే వాడు కష్టపడేవాడు అన్నాం. ఆరింటికి బస్సు పట్టుకుని లింగంపల్లి వెళ్లాల్సిన మా విద్యార్థిని గురించి, ఆమెకు పని మీద అంత శ్రద్ధ లేదేమోనని నేనే రెండేళ్ల కిందట అనుకున్నాను. ఆమెకు ఇంట్లో మంచం పట్టిన నాయనమ్మ ఉందని అప్పుడు నాకు తెలియదు. అడగలేదు.

మే 17, శనివారం

ల్యాబ్‌లో కిరణం దారికి గాలి తగలకుండా కప్పే పెట్టె తయారైంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, లోపలి వైపు గుడ్డు అట్టల ఆకారంలో ఉండే నురుగు పలకలు, పైన మూత తెరిచేందుకు కీలు. వడ్రంగి పని మా వర్క్‌షాప్‌లోనే జరిగింది. కొలతలు తీసుకున్నది, రంధ్రాల చోటు గుర్తుపెట్టింది ఆ విద్యార్థినే. లేజర్ తల వేడెక్కుతుంది కాబట్టి దాన్ని బయటే ఉంచి, కిరణాన్ని సన్నని గొట్టం గుండా లోపలికి పంపాం. తీగలు వెళ్లే రంధ్రాలకు నురుగు బిరడాలు. గాలి మోటారు కింద నాలుగు మందపాటి రబ్బరు దిమ్మెలు పెట్టించడానికి మాత్రం రెండు దరఖాస్తులు, పన్నెండు రోజులు పట్టాయి.

పాప "నేనూ ల్యాబ్‌కు వస్తా" అంటోంది. 1064 నానోమీటర్ల కిరణం కంటికి కనబడదు, కాబట్టి కన్ను రెప్ప కూడా వేయదు, చూపే దెబ్బతినవచ్చు. ఆ గదిలోకి తనను ఎప్పుడూ తీసుకెళ్లను. పిల్లల్ని పని చోటుకు తీసుకెళ్లడం అందంగా కనబడుతుంది కానీ, మా పని అలాంటిది కాదు. మిగిలిన నురుగు ముక్కలు ఇంటికి తెచ్చాను. బొమ్మలకు పరుపులయ్యాయి.

మే 23, శుక్రవారం

పగలు పదకొండు గంటలు. ఏసీ నడుస్తోంది, లిఫ్టు నడుస్తోంది, వరండాలో విద్యార్థులు మాట్లాడుకుంటున్నారు. స్పెక్ట్రం చదునుగా వచ్చింది. మలుపు 381 హెర్ట్జ్. గత ఏడాది రాత్రి తీసిన కొలతలతో తేడా మూడు శాతం లోపే. పెట్టె లేకుండా పగటి కొలతలు పది శాతం దాకా తప్పేవి.

నేనూ మా విద్యార్థినీ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆమె "సర్, ఐదింటికి ఇంటికి వెళ్లొచ్చు" అంది.

జూన్ 8, ఆదివారం

అత్తయ్య గారు మొన్న వెళ్లారు. నిన్న రాత్రి మొదటి మంచి వాన. ఉదయం బండి చక్రాలకు బురద, పాప కాళ్లకు బురద, ఇద్దరికీ సంతోషం.

తొమ్మిది వారాల గళ్లు కూడి చూశాను. పాపను కసిరిన రోజులు తొమ్మిది. వాటిలో ఏడు, వరుసగా రెండు రాత్రులు ఆరు గంటల లోపు నిద్రపోయాక వచ్చినవి. అడుగుల్లో ఎడమ కుడి తేడా పెరిగిన పరుగులూ ఎక్కువగా అవే. లేజర్ అమరికలో నేను చేసిన పెద్ద తప్పు, ఒక కటకం తిరగేసి పెట్టి రోజంతా పోగొట్టుకున్నది, అలాంటి రోజే. ఒక్కడి లెక్క ఇది, దీంతో ఏ సిద్ధాంతమూ నిలబడదు. నాకు మాత్రం చాలు. ఇన్నాళ్లూ సమయం చాలడం లేదని అనుకున్నాను. తరుగు నిద్రలో ఉంది. కొత్త పని ఏది ఎత్తుకోవాలన్నా ఏ రాత్రి నుంచి కోస్తున్నానో ముందు చూసుకోవాలి.

పదిన్నరకు దీపం ఆర్పుతున్నాను. రికార్డులు దిద్దడం మధ్యాహ్నం భోజనం తర్వాతికి మారింది. శాఖ సమావేశం సాయంత్రం ఐదున్నరకు ఉండేది, రెండింటికి మార్చమని అడిగాను. మార్చారు. ఆ తర్వాత మరో ఇద్దరు సహోద్యోగులు వచ్చి, తాము కూడా అడగాలనుకున్నామని చెప్పారు. ఇద్దరూ తల్లులే. ఏళ్ల తరబడి వాళ్లు అడగలేనిది నేను అడిగిన మొదటిసారే దొరకడం గురించి ఇంకా ఆలోచిస్తున్నాను.

జూన్ 21, శనివారం

పత్రం పంపేశాం. కొత్త కొలతలన్నీ పగటివే.

జూలై 6, ఆదివారం

ఉదయం 26 కిలోమీటర్లు. పక్కింటి పిన్ని గారు నాలుగున్నరకే వచ్చి మా ఇంట్లో పడుకున్నారు. పొడి థర్మామీటరు 24.5, తడిది 23. మేతో పోలిస్తే మూడున్నర డిగ్రీలు చల్లగా ఉన్నా ఒళ్లు ఎక్కువ ఉడికింది. గాలిలో తేమ నిండుగా ఉంది, చెమటకు పోయే చోటు లేదు. ఇరవయ్యో కిలోమీటరు నుంచి సగం పౌనఃపున్యం శిఖరం పైకి లేవడం మొదలుపెట్టింది. ఇంటికి వచ్చేసరికి మూడు గంటల ఐదు నిమిషాలు గడిచాయి.

పిన్ని గారికి కాఫీ ఇచ్చాను. పాప బొమ్మలాటకు పిలిచింది. కూర్చున్నాను కానీ పులి వేషంలోనే నిద్రపోయాను. తను నన్ను లేపలేదు, దుప్పటి కప్పి పక్కనే బొమ్మలు పెట్టుకుని ఒంటరిగా ఆడుకుంది. ఆ దుప్పటి చూసి నిర్ణయం తీసుకున్నాను.

42 కిలోమీటర్లకు సిద్ధం కావాలంటే మారథాన్ లోపు 30 దాటిన పరుగులు ఇంకా కనీసం మూడు కావాలి. ఒక్కోదానికి ఒక ఆదివారం పూర్తిగా పోతుంది. మారథాన్ రోజుతో కలిపి మిగిలిన ఆదివారాలు ఏడు, వాటిలో రెండింటికి మా ఆవిడ వస్తుంది. సగం మారథాన్, 21.1 కిలోమీటర్లకు మార్చుకుంటున్నాను. మొదటి పేజీలో వరుస రాసుకున్నది ఇందుకే.

2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న వోల్ఫ్‌గాంగ్ కెటర్లీ, 2014లో బోస్టన్ మారథాన్‌ను 2 గంటల 44 నిమిషాల్లో పరుగెత్తారు, అప్పటికి ఆయనకు 56 ఏళ్లు. ఒక మిత్రుడు ఆ సంగతి గుర్తుచేసి, ఇప్పుడు వదలొద్దన్నాడు. కెటర్లీ అంటే నాకు ఎంతో గౌరవం. 56 వరకు నాకింకా పందొమ్మిదేళ్లు ఉన్నాయి. పాపకు మూడున్నరేళ్లు మాత్రం ఈ ఒక్క ఏడాదే.

జూలై 26, శనివారం

పరుగు తేలికైంది. వారానికి 32 నుంచి 35 కిలోమీటర్లు. ఆదివారం 16 చాలు, ఏడున్నరకే ఇంట్లో ఉంటున్నాను. మోకాలి నొప్పి లేదు. నాలుగో గడిలో మూడు వారాలుగా ఒక్క గుర్తే. ఆ రోజు కూడా సాయంత్రం క్షమాపణ చెప్పాను. "సరే నాన్నా, ఇంకెప్పుడూ అలా చేయకు" అని నేను తనకు చెప్పే గొంతుతోనే నాకు చెప్పింది.

ఆగస్టు 24, ఆదివారం

మా ఆవిడ శుక్రవారమే వచ్చింది. చీకటితో నెక్లెస్ రోడ్డుకు చేరుకున్నాను. హుస్సేన్ సాగర్ ఒడ్డున మొదలైన పరుగు గచ్చిబౌలి వైపు వచ్చేకొద్దీ ఎక్కుతూనే ఉంటుంది, ఫ్లైఓవర్ల మీద ఆ ఎత్తు మరింత తెలుస్తుంది. ప్రతి ఎత్తులో వేగం తగ్గించాను. బండి తోసిన కాళ్లకు ఆ ఎత్తులు కొత్త కాదు, చేతుల్లో 26 కిలోలు లేకపోవడమే కొత్త. దీపస్తంభం కనబడినప్పుడల్లా చెవిలో "మార్చు!" వినబడింది. 2 గంటల 11 నిమిషాలు. చివర్లో ఇద్దరూ నిలబడి ఉన్నారు. పాప పతకాన్ని చూడలేదు, నా నడుముకున్న పెట్టెలో దీపం వెలుగుతోందా లేదా అని చూసింది. వెలుగుతోంది.

ఇంటికి వచ్చాక పడుకోలేదు. ముగ్గురం కలిసి పులిహోర చేసుకున్నాం.

ఆగస్టు 31, ఆదివారం

సమీక్షకుల జవాబు ఇంకా రాలేదు. విద్యార్థిని ల్యాబ్ పెట్టెకు రెండో మూత చేస్తోంది, నమూనా మార్చడానికి మొత్తం తెరవాల్సిన పని లేకుండా.

ఉదయం బండిలో కూర్చోబెడితే పాప మోకాళ్లు ముందు కమ్మీకి తగిలాయి. బరువు 15 కిలోలన్నర. రెండు కిలోమీటర్ల తర్వాత దిగుతానంది. దిగి, ఖాళీ బండిని తనే తోసింది, పట్టీ చేతికి తగిలించమని అడిగి మరీ. నేను పక్కన నడిచాను. దీపస్తంభం రాగానే ఆగి, చెయ్యి మార్చింది.

బండిని కడిగి ఆరబెట్టాను. కింది అంతస్తులో కొత్తగా చేరిన దంపతులకు ఏడాది బాబు ఉన్నాడు, వాళ్లకు ఇస్తాను. పిన్ను, పట్టీ సంగతి ముందు కూర్చోబెట్టి చెప్పాలి. శనివారం సైకిల్ దుకాణానికి వెళ్తున్నాం. పాప కాలి లోపలి పొడవు గోడకు ఆనించి కొలిచాను, 41 సెంటీమీటర్లు.